మా మేనకోడలి సోదరీసంఘము

రెండేండ్ల క్రిందట భాద్రపదమాసములో నొకనాటి రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట మా తమ్ముడు మా యింటి తలుపు తట్టెను. అతని యిల్లు మాకు రెండు వీథుల కవతలనే యున్నను అంత ప్రొద్దుపోయి వచ్చుట యెన్నడును లేదు. వెంట మరదలు కూడ నుండెను. ఆమె కన్నులు ఎఱ్ఱబడి యుండెను. అమెరికాలో చదువుకొనుచున్న పిల్లకు ఏమి యాపద వాటిల్లెనో యని నా గుండె జల్లుమనెను.

"ఆపద కాదు అక్కయ్యా! నీ మేనకోడలు మూడు గ్రీకు అక్షరాల పేరున్న ఏదో సంఘంలో చేరుతుందట. రాత్రివేళ దీపాలు పెట్టి ప్రమాణం చేయిస్తారట. ఆ ప్రమాణ మేమిటో కన్నవాళ్లకు కూడా చెప్పకూడదట!" అనుచు తమ్ముడు కుర్చీలో కూలబడెను.

"మతం పుచ్చుకోవడం కాదు గదా వదినా?" అని మరదలు మెల్లగా నడిగెను.

నేను ముప్పదియేండ్లు బాలికల పాఠశాలలో చరిత్ర చెప్పి విశ్రాంతి గైకొన్నదానను. అందుచేత మా వారిలో నెవరికే సందేహము కలిగినను నా గుమ్మము త్రొక్కుట వాడుక. కాని యీ విషయమున నాకును తెలిసినది స్వల్పమే. మరునాటి యుదయము మేనకోడలు ఫోనులో కనబడి, "అత్తయ్యా! నాన్న నీ మాటే వింటారు. నువ్వు అన్నీ చదివి చూడు. మంచిదనిపిస్తే మంచిదని చెప్పు. కాదనిపిస్తే మానేస్తాను" అనెను. ఆహ్వానము చేతికందినదట, దీక్షకు ఆరు వారములు గడువున్నదట, ఆలోపల రుసుము కట్టవలెనట. ఆ రుసుము మా తమ్ముని నెలజీతములో సగమునకు మించి యుండెను.

నేను చదువసాగితిని. చదివినకొలది నాకు భయము తగ్గినది గాని, వేరొక చింత బయలుదేరినది. ఆ రెంటిని గూర్చియు మీతో ముచ్చటింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అమెరికా కళాశాలలలో బాలురకు రహస్యసంఘము లుండుట చాల పాత యాచారము. 1776లో పుట్టిన ఫై బీటా కప్పా వీనిలో మొదటిది. ఏదైన నొక గ్రీకు సూక్తిని ఎన్నుకొని, అందలి మాటల మొదటి యక్షరములనే సంఘమునకు పేరుగా పెట్టుకొనుట వారి పద్ధతి. పతకము, ప్రమాణము, ఒకరినొకరు గుర్తుపట్టు కరచాలనము, ఇవి వారి చిహ్నములు. ఇవన్నియు మగపిల్లలకే. ఆడపిల్లలకు కళాశాలయే లేనప్పుడు సంఘ మెక్కడిది?

ఇండియానా రాష్ట్రములో గ్రీన్‌కాసిల్ అను పట్టణమున ఆస్‌బరీ విశ్వవిద్యాలయ మొకటి యుండెను. నేడు దానిని డిపా విశ్వవిద్యాలయ మందురు. 1867లో అచ్చట బాలికలకు ప్రవేశము లభించెను. ఆ తొలి విద్యార్థినులలో బెట్టీ లాక్ అను నామె యొకతె. ఆమె తండ్రి యచ్చటనే గణితాధ్యాపకుడు. బాలుర సంఘములలో నొకదానికి చెందిన విద్యార్థి తన పతకమును ధరింపుమని యామెను కోరెనట. తన్ను సభ్యురాలిగా చేర్చుకొని దాని యర్థము తెలిపినచో ధరింతుననియు, అర్థము తెలియని పతకము తన కక్కరలేదనియు ఆమె బదులు చెప్పెనట. ఆ సంఘము వారు ఆమెను చేర్చుకొనలేదు. పతకమునకు మారుగా తీపిరొట్టెలు పెట్టుకొను బుట్ట నొకదానిని కానుకగా పంపిరని చెప్పుదురు!

ఈ కథ చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. వెంటనే మనసు చివుక్కుమన్నది. ఆడపిల్ల అర్థము చెప్పుమని యడిగిన, చేతికి పాత్ర నందించుట మనదేశములోనే కాదన్నమాట!

బెట్టీ తండ్రి యామెతో, నీ సంఘమును నీవే యేల స్థాపించుకొనరాదని యనెను. ఆమెయు, ఆమె స్నేహితురాలు ఆలిస్ ఆలెనును కూర్చుండి నియమావళి వ్రాసికొనిరి. 1870 జనవరి 27వ తేదీన బెట్టీ తనకు తానే దీక్ష యిచ్చుకొని, పిమ్మట మఱి ముగ్గురికి దీక్ష యిచ్చెను. మొత్తము నలుగురు. ఆ సంఘము పేరు కప్పా ఆల్ఫా థీటా. అంతకు మూడేండ్ల ముందే, 1867 ఏప్రిలు 28వ తేదీన, ఇల్లినాయి రాష్ట్రమందలి మాన్‌మత్ కళాశాలలో పండ్రెండుగురు బాలికలు చేరి మఱియొక సంఘమును నెలకొల్పియుండిరి. అదియే తరువాత పై బీటా ఫై యని ప్రసిద్ధి కెక్కినది.

ఇచ్చట నొక వింత కలదు. ఈ సంఘములకు తొలినాడు స్త్రీలకు తగిన పేరే లేదు. భ్రాతృత్వమని యర్థము గల 'ఫ్రెటర్నిటీ' యను మాటనే వీరును వాడుకొనిరి. 1874లో సిరక్యూజ్ విశ్వవిద్యాలయములో గామా ఫై బీటా యను సంఘము పుట్టెను. 1882లో అచ్చటి లాటిను పండితుడు ఫ్రాంక్ స్మాలీ, లాటినులో సోదరి యను మాటనుండి 'సొరారిటీ' యను పదమును కల్పించి యిచ్చెను. అయినను పాతసంఘములు కొన్ని నేటికిని తమ్ము 'స్త్రీల ఫ్రెటర్నిటీ' యనియే పిలుచుకొనును. పేరు మార్చుకొనుటకు మనసొప్పక పోవుట సహజమే గదా! అది వారు తొలినాటి నుండి మోసికొని వచ్చిన పేరు.

ఆ కాలమున బాలికలకు అట్టి యండ యేల కావలసెనో యూహింపుడు. వందల మగపిల్లల నడుమ నలుగురైదుగురు ఆడపిల్లలు. తరగతిలో తప్పు చెప్పిన, అది యా పిల్ల తప్పు గాక ఆడుజాతి తప్పగును. 1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అను వైద్యుడు, మగవారితో సమముగా చదివిన స్త్రీల యారోగ్యము చెడునని యొక గ్రంథమే వ్రాసి ప్రకటించెను. ఆ మరుసటి యేడే, 1874లో, మన వీరేశలింగముగారు ధవళేశ్వరములో బాలికల పాఠశాలను తెఱచిరి. చదివిన ఆడుది చెడునను మాట ఇచ్చటను వినవచ్చుచుండెను. సముద్రముల కావల నీవల ఒక్కటే గాలి వీచుచుండెను.

కావున ఈ సంఘముల ముఖ్యధర్మము మొదట చాల సామాన్యమైనది: ఒకతె చదువులో వెనుకబడిన పదిమంది యామెను నిలబెట్టుట, జబ్బుపడిన ప్రక్కన కూర్చుండుట, ఇంటిమీద బెంగ పెట్టుకొన్న పిల్లకు పెద్దపిల్ల అక్కగా నుండుట. నేటికిని మంచి సంఘములు విద్యయందలి శ్రద్ధను, సేవను, సౌశీల్యమును తమ మూలసూత్రములుగా చెప్పుకొనును. మార్కులు తగ్గిన సభ్యురాలిని మందలించుటయు, చదివించుటయు వారి యాచారము. కళాశాల విడిచిన తరువాతను సభ్యత్వము పోదు. తెలియని యూరికి ఉద్యోగమునకై పోయిన, అచ్చట ముసలి సభ్యురాలొకతె భోజనమునకు పిలుచును. అన్నము పెట్టువారు లేని యూరిలో అట్టి పిలుపెంత విలువైనదో, కూతుండ్రను దూరదేశములకు పంపిన తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

వీరు తమ యిండ్లలోనే కూర్చుండలేదు. పై బీటా ఫై వారు 1910లో నిశ్చయించుకొని, 1912లో టెన్నెసీ రాష్ట్రపు కొండలలోని గాట్లిన్‌బర్గ్ అను కుగ్రామమున బడి పెట్టిరి. చదువుతోబాటు ఆ కొండజాతి స్త్రీల నేతపనికి అంగడి చూపి నాలుగు రాళ్లు వచ్చునట్లు చేసిరి. ఆ బడి నుండి పెరిగిన హస్తకళల పాఠశాల నేటికిని ఆరోమాంట్ అను పేర నడచుచున్నది. అమెరికా స్త్రీలకు ఓటుహక్కు సాధించిన ఉద్యమమును నడపిన క్యారీ చాప్‌మన్ క్యాట్ ఆ సంఘపు సభ్యురాలే. 1920లో ఆ హక్కు రాజ్యాంగమున కెక్కెను.

1902లో ఈ సంఘములు కొన్ని కలిసి ఒక మహాసభగా నేర్పడెను. సరిగా ఆ సంవత్సరముననే మన మచిలీపట్టణములో భండారు అచ్చమాంబగారు బృందావన స్త్రీసమాజమును నెలకొల్పిరి. అచ్చమాంబగారు బడికి పోయి చదివినవారు కారు. తమ్ముడు చదువుచుండగా ప్రక్కన కూర్చుండి నేర్చినవారు. ఆమెకు గ్రీకు అక్షరములతో పనిలేకపోయెను. అయినను నలుగురు స్త్రీలు ఒకచోట కూర్చుండి చదువుకొన్న, వారిలో నొక బలము పుట్టునని యామెయు గ్రహించెను.

ఇంతవరకు చదివి నేను తమ్మునితో, "పిల్లను చేరనిమ్ము. ఇందులో మతము లేదు, మాయ లేదు" అని చెప్పుదమనుకొంటిని. కాని చరిత్ర చెప్పినదానను గనుక, రెండవ ప్రక్క చూడక పుస్తకము మూయలేకపోతిని.

అర్థము తెలియని పతకము వలదని తలయెత్తిన ఆ బాలికల సంఘములే, కొంతకాలమునకు ఇతరులకు తలుపులు మూసెను. నల్లజాతి బాలికలకు ప్రవేశము లేదు. యూదుల పిల్లలకు పెక్కింట ప్రవేశము లేదు. కొన్నింట అది నిబంధనగానే వ్రాయబడి యుండెను. కొన్నింట వ్రాతలేకయే జరుగుచుండెను. అందుచేత 1909లో న్యూయార్కు నగరపు బార్నర్డ్ కళాశాలలో ఏడుగురు యూదుబాలికలు ఆల్ఫా ఎప్సిలాన్ ఫై యను సంఘమును స్థాపించుకొనిరి. అంతకు ముందే 1908 జనవరి 15వ తేదీన వాషింగ్టను నగరమందలి హోవర్డ్ విశ్వవిద్యాలయములో ఎథెల్ హెడ్జ్‌మన్ అను విద్యార్థిని పూనికతో ఆల్ఫా కప్పా ఆల్ఫా పుట్టెను. నల్లజాతి కళాశాలా స్త్రీల గ్రీకు సంఘములలో అదియే మొదటిది. 1913 జనవరిలో ఇరువదియిద్దరు బాలికలు అందుండి విడివడి డెల్టా సిగ్మా థీటాను స్థాపించిరి. వారు చేసిన మొదటి బహిరంగకార్యమేమో యెఱుగుదురా? ఆ మార్చి 3వ తేదీన వాషింగ్టను వీథులలో జరిగిన స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నడచుట. నల్లజాతివారు వెనుకవరుసలో నడువవలెనని మాటలు వచ్చిన ఊరేగింపు అది. అయినను వారు నడచిరి.

ఆల్ఫా కప్పా ఆల్ఫా వారి కార్యమొకటి నన్ను చాల కదలించినది. 1935 మొదలు 1942 వరకు ఏటేట వేసవిలో డాక్టరు డొరొతీ ఫెరిబీ నాయకత్వమున వైద్యురాండ్రు, దాదులు, ఉపాధ్యాయినులు మిసిసిపీ రాష్ట్రపు ప్రత్తిచేల పల్లెలకు పోయి పిల్లలకు మశూచికము, కంఠవాతము రాకుండ టీకాలు వేసిరి. కూలీలు చేలు విడిచి వైద్యశాలకు పోవుటకు భూస్వాములు సమ్మతింపలేదు. అప్పుడీ స్త్రీలు మందులను తమ మోటారుబండ్లలో నెక్కించుకొని వైద్యశాలనే చేలయొద్దకు తీసికొనిపోయిరి. తలుపు మూసినవారిపై కోపముతో కాలము పుచ్చక, తలుపే లేని చోటికి మందు మోసికొని పోయిన వారి ఔదార్య మెట్టిదో చూడుడు! 1986లో హోవర్డులో ఈ సంఘమున చేరిన కమలా హారిస్ 2021 మొదలు 2025 వరకు అమెరికా ఉపాధ్యక్షురాలుగా నుండిరి. ఆమె తల్లి మన దేశమునుండి చదువునకై పోయిన శ్యామలా గోపాలన్. మన దేశపు పిల్లలు కూడ ఇప్పుడు తమవైన సంఘములను నడుపుకొనుచున్నారు. 1998లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయములో పుట్టిన డెల్టా ఫై ఒమేగా యట్టిది.

తలుపులు మూయుట పాతకాలపు మాట యనుకొందమా? 2013లో అలబామా విశ్వవిద్యాలయపు విద్యార్థిపత్రిక యొక సంగతి బయటపెట్టెను. మంచి మార్కులు గల నల్లజాతి బాలికను చేర్చుకొందమని సంఘములలోని పిల్లలు కోరినను, పూర్వవిద్యార్థినులు అడ్డుపడిరని యా పత్రిక వ్రాసెను. పిమ్మట విద్యార్థులును అధ్యాపకులును ఊరేగి నిరసన తెలిపిరి. కొందఱు బాలికలకు ఆహ్వానము లందెను. పెద్దలు మూసిన తలుపును పిల్లలు తెఱచుట యది.

ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమెరికా పిల్లలను గూర్చి కాదు. నన్ను గూర్చియే.

1979లో నేను డిగ్రీ చదువుచు కళాశాల వసతిగృహములో నుంటిని. మేమారుగురము ఒక జట్టు. మాకు గ్రీకుపేరు లేదు, పతకము లేదు. శుక్రవారమునాడు ఆరుగురమును పసుపుపచ్చని చీరలు కట్టుకొనుచుంటిమి. ఇంటినుండి ఎవరికి ఆవకాయ వచ్చినను ఆరు వాటాలే. సాయంకాలము నా గదిలో చేరి ఇంగ్లీషు నోట్సు వ్రాసికొనుచుంటిమి. మాలో నొకతె పట్నపు బడిలో చదివినది గనుక ఇంగ్లీషు బాగుగ వచ్చును. ఆమె చెప్పగా మేము నేర్చుకొనుచుంటిమి. ఆ యాఱుగురిలో నొక్కరును పరీక్ష తప్పలేదు.

మా వరుసలోనే చివరిగదిలో సర్కారు వారి ఉపకారవేతనముపై చదువుచున్న యొక పిల్ల యుండెను. ఒకనాటి సాయంకాలము ఆ పిల్ల వార్తాపత్రిక అట్టవేసిన పుస్తకమును రొమ్మున కదుముకొని మా గుమ్మమునకు వచ్చెను. చెప్పులు బయటనే విడిచెను. "నేను కూడా కూర్చోవచ్చా? నాకు ఇంగ్లీషు పాఠం అర్థం కావడం లేదు" అని యడిగెను.

"చోటు లేదు" అంటిని.

చోటున్నది, సోదరీమణులారా! గది నేలంతయు ఖాళీగా నుండెను. ఆ పిల్ల కులమేదో మాలో నెవరును నోటితో పలుకలేదు. పలుకవలసిన పని లేకపోయెను. ఆమె యేమియు ననలేదు. వెనుదిరిగి చెప్పులు తొడుగుకొనెను. ఒక చెప్పు పట్టె తెగియుండుటచే కొంత సేపు పట్టెను. ఆ కొంత సేపు మేమారుగురమును పుస్తకములలోనికి చూచుచుంటిమి. ఆ యేడు ఆమె ఇంగ్లీషు పరీక్ష తప్పినది. వేసవి సెలవుల తరువాత తిరిగి రాలేదు. ఆమె యెచ్చట నున్నదో నేటికిని నాకు తెలియదు.

నేను ముప్పదియేండ్లు వేలమంది పిల్లలకు పాఠము చెప్పితిని. వెనుకబెంచీ పిల్లలను ముందుకు పిలిచి కూర్చుండబెట్టితిని. దానివలన ఆ నాటి మాట చెఱిగిపోవునని లోలోపల ఆశపడితినేమో! చెఱిగిపోలేదు.

ఆదివారమునాడు మేనకోడలు ఫోనులో కనబడగానే నే నీ కథ చెప్పితిని. ఇంతవరకు ఇంటిలో నెవరికిని చెప్పినది కాదు. తమ్ముడు, మరదలు కూడ ప్రక్కనే కూర్చుండి వినిరి. పిల్ల చాలసేపు మాటాడలేదు. పిమ్మట తలవంచుకొని, "అత్తయ్యా! నా గదిలో ఉండే అమ్మాయి కూడా నాతోపాటే అన్ని ఇళ్లకూ వచ్చింది. నన్ను పిలిచారు. దాన్ని పిలవలేదు. ఎందుకో అడిగితే కారణం చెప్పకూడదన్నారు. ఆ మాట మీకు చెప్పలేదు, చెబితే వద్దంటారని" అనెను.

అప్పుడు వలదనుట నాకు సుళువే. కాని, వలదన్న పిల్ల బయట నుండును, తలుపు మూసియే యుండును. మూసిన తలుపును లోపలివారు తీయవలెను. నే నిట్లు చెప్పితిని: "చేరు, అమ్మా! రుసుములో సగము నా పింఛనులో నుండి నేనిత్తును. కాని యొక మాట. అర్థం తెలియని పతకం పెట్టుకోనన్నది మొదటి పిల్ల. నువ్వు కూడా అర్థం తెలుసుకొనే పెట్టుకో. ఏటేటా వాళ్లు ఎవరిని వద్దన్నారో, అప్పుడు నువ్వేమన్నావో నాకు వ్రాయాలి. శరీరానికి గాని, మానానికి గాని భంగమయ్యే పని ఏదైనా చేయమంటే ఆ క్షణమే బయటికి రావాలి. ఏ ప్రమాణమూ దానికి అడ్డు కాదు." కొత్తగా చేరిన పిల్లలను ఏడిపించుట, మత్తుపానీయములు త్రాగించుట కొన్ని చోట్ల నున్నదనియు, ప్రాణములు కూడ పోయినవనియు నేను చదివి యుంటిని గనుక ఆ కడపటి మాట గట్టిగా చెప్పితిని.

మా తమ్ముడు గొణిగెను గాని అడ్డుచెప్పలేదు. మరదలు మాత్రము, "ఆ గది పిల్ల ఏమనుకుందో పాపం!" అనెను. మా యందఱిలో సరియైన ప్రశ్న నామెయే యడిగినదని నాకు తోచినది. మేనకోడలు ఆ పిల్లను నేరుగా నడిగెనట. కొన్నాళ్లు ఇద్దఱి నడుమను మాటలు తగ్గినవట; తరువాత మరల కలిసినవట. ఇంతకు మించి నాకు చెప్పలేదు, నేనడుగలేదు.

మొన్నటి భాద్రపదములో ఆమె యొద్దనుండి ఉత్తరము వచ్చినది. చేతివ్రాతతో వ్రాసి, ఫొటో తీసి పంపినది. ఈ యేడు కొత్తవారిని ఎన్నుకొనునప్పుడు తాను ముగ్గురు పిల్లల పక్షమున లేచి మాటాడితిననియు, ఇద్దరిని చేర్చుకొనిరనియు, మూడవ పిల్ల విషయమున ఓడిపోతిననియు వ్రాసినది. మాటాడునప్పుడు కాళ్లు వణకినవట. ఆ ఉత్తరమును నేను మూడుమార్లు చదివితిని.

సోదరీమణులారా! మనకును సమాజములు కలవు. భజనసమాజములు, పొదుపుసంఘములు, మహిళామండలులు, అపార్టుమెంటులోని సాయంకాలపు కూటములు. అందు మన కష్టము చెప్పుకొని తేలికపడుచున్నాము, ఒకరికొకరము తోడగుచున్నాము. మంచిదే. ఐదుగురు కలిసి కూర్చుండినచోట ఆఱవయామెకు చోటున్నదా యని మాత్రము అప్పుడప్పుడు గుమ్మమువంక చూచుచుండుడు. చెప్పులు విడిచి నిలుచుండినవారు తరుచుగా రెండవమారు అడుగరు.